సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో మోసపోయాను, కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి. బీటెక్ చదివే మా అమ్మాయి కోసం ఆన్‌లైన్ ప్రకటన చూసి 28 వేలకు పాత ల్యాప్‌టాప్ కొన్నాను. ‘ఇంతవరకు రిపేరు రాలేదు’ అని ప్రకటనలో ఉంది. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చేతికిచ్చాడు, యూపీఐలో డబ్బు వేశాను. పది రోజులకే ఆగిపోయింది. బోర్డు ముందే బాగుచేసి ఉందని షాపాయన అన్నాడు. అడిగితే నా నంబరు బ్లాక్ చేశాడు. కోపంలో చాట్ అంతా తీసేశాను. ఏడు నెలలైంది. అమ్మాయి ముఖం చూడలేకపోతున్నాను. ఏమీ చెప్పకుండా ఇంకొకరికి అమ్మేయమని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: మీరు రాయని ముక్క మీదే కేసు ఆధారపడి ఉంది. అతను సొంత వస్తువు అమ్ముకున్నాడా, పాతవి కొని అమ్మడమే అతని పనా? వ్యాపారి అయితేనే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు నిలుస్తుంది. అతని పేరుతో ఇంకెన్ని ప్రకటనలున్నాయో చూడండి.

చాట్ తీసేయడం పెద్ద తప్పు. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని మీరే పోగొట్టుకున్నారు. ఫోన్ బ్యాకప్‌లో ఏమైనా మిగిలిందేమో వెతకండి. ‘చూసుకునే కొన్నాడు కదా’ అని అతను తప్పకుండా వాదిస్తాడు. ల్యాప్‌టాప్ విప్పితే తప్ప కనపడని పాత టంకం గుర్తులే దానికి మీ జవాబు. వాటి ఫొటోలు తీయించి, షాపాయన చేత తేదీ వేసి కాగితం మీద రాయించుకోండి. అంతవరకు రిపేరు చేయించొద్దు. స్క్రీన్‌షాట్లు కోర్టులో చెల్లాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (వాటిని ఏ ఫోన్‌లో, ఎలా తీశారో ధ్రువీకరించే పత్రం) కూడా జతచేయాలి.

మీ బావమరిది మాట వినకండి. లోపం దాచి అమ్మితే మోసం కేసులో ముద్దాయి మీరే అవుతారు. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పైగా ఉన్న సాక్ష్యం కూడా ఇల్లు దాటిపోతుంది.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువివ్వండి. చిరునామా తెలియకపోతే యూపీఐ రిఫరెన్స్ నంబరుతో పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫిర్యాదుతోనే డబ్బు తిరిగొస్తుందని మాత్రం అనుకోవద్దు. అతను వ్యాపారి అని తేలితే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు, అందులో ఏడు నెలలు ఇప్పటికే పోయాయి. వ్యాపారి కాకపోతే మూడేళ్లలోపు సివిల్ దావా వేయవచ్చు. దానికంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ (కేసు వేయకముందే రాజీ కోసం ఇచ్చేది) పెట్టండి, ఖర్చుండదు.

ప్రకటనల స్క్రీన్‌షాట్లు మాత్రం ఈ రాత్రికే, లింకు, తేదీ కనిపించేలా మీ అమ్మాయి చేత తీయించండి. అతను తొలగించేశాక ఏం చేసినా దొరకవు.