చిన్నా, ఓడ ఎక్కే ముందు చార్జర్ సంగతి

చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

ఈసారి ఎనిమిది నెలలు ఓడ మీదే ఉంటావనీ, బండి బ్యాటరీ చచ్చిపోకుండా ఎప్పుడూ తగిలించి ఉంచే చార్జర్ కొంటానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

బ్యాటరీల షాపులో ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. చార్జర్ కొనడానికి వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మంది "ఎంతసేపట్లో నిండుతుంది?" అనే అడిగేవారు. నెలల తరబడి వదిలేసేవాడు అడగాల్సింది "నిండాక ఏం చేస్తుంది?" అని. ఒక మే నెలలో మా కుర్రాడు నిండినా తనంతట ఆగని పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్‌కి ఒక బ్యాటరీ తగిలించి, తీయడం మర్చిపోయి ఆదివారం ఇంటికి వెళ్ళిపోయాడు. సోమవారం షట్టర్ ఎత్తగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయాయి, చెయ్యి పెడితే కాలింది. అలా అతిగా చార్జ్ అయ్యే బ్యాటరీలోంచి హైడ్రోజన్ కూడా వస్తుంది. మూసిన గదిలో ఒక్క నిప్పురవ్వ చాలు. మీ ఇంట్లో బండి ఉండే చోటికీ మీ అమ్మ పడుకునే గదికీ మధ్య ఒక్క గోడే ఉంది కదా, అందుకే ఇంతగా చెప్తున్నాను.

మంచి చార్జర్ బ్యాటరీని 14.4 వోల్టుల దాకా తీసుకెళ్ళి నింపుతుంది. ఆ తర్వాత తానే 13.5 దరిదాపులకు దిగి అక్కడ నిలబడుతుంది. దీన్ని ఫ్లోట్ అంటారు. ఆ మాట, ఆ అంకె డబ్బా మీదో, లోపలి కాగితంలోనో ఉండాలి. "12 వోల్టులు, 5 యాంపులు" అని మాత్రమే రాసుంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దను. అసలు 5 యాంపులు కార్లకి. నీ బ్యాటరీ మీద 8 ఏహెచ్ అని ఉంది, అంటే యాంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క. చార్జింగ్‌కి అందులో పదోవంతు యాంపులు చాలు, అంటే 0.8. ఒక యాంపు చార్జర్ నీకు సరిపోతుంది.

ఇక ఎండ సంగతి. ఇది షాపుల్లో ఎవరూ చెప్పరు. ఆ వోల్టుల లెక్కలన్నీ 25 డిగ్రీల వేడికి రాసినవి. మన రేకుల షెడ్డు కింద మేలో 40 దాటుతుంది. ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఫ్లోట్ 0.02 వోల్టు చొప్పున తగ్గాలి. పదిహేను డిగ్రీలు పెరిగితే 0.3 తగ్గాలి, 13.6 ఉన్నది 13.3కి రావాలి. చార్జర్ అలా తగ్గించకపోతే బ్యాటరీలో తడి మెల్లగా ఆరిపోతుంది. నీది సీల్డ్ బ్యాటరీ, పాతవాటిలా మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడానికి లేదు. అందుకే వేడిని బట్టి వోల్టేజీ తగ్గించుకునే చార్జర్‌నే తీసుకో. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఫర్వాలేదు. బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పి చార్జింగ్ పెట్టొద్దు.

కరెంటు పోయి వస్తే కొన్ని చార్జర్లు మళ్ళీ బటన్ నొక్కేదాకా ఊరుకుంటాయి. షాపులోనే ప్లగ్గు పీకి పెట్టి చూడు, దానంతటదే మొదలవ్వాలి. ప్లస్, మైనస్ తారుమారైతే ఆగిపోయే రక్షణ కూడా ఉండాలి. క్లిప్పులు వద్దు, జారిపోతాయి. కొసల్లో రింగులు, మధ్యలో ఫ్యూజు ఉన్న వైరును బ్యాటరీ టర్మినల్స్‌కి బిగించి వెళ్ళు. రేపెప్పుడైనా లిథియం బ్యాటరీ వేయిస్తే ఈ చార్జర్ దానికి పనికొస్తుందో లేదో చూసుకోకుండా తగిలించకు.

ఇవన్నీ కొనే ముందు బ్యాటరీలో ప్రాణం ఉందో లేదో చూడాలి. రాత్రంతా చార్జ్ చేసి, తీసేసి, మర్నాడు మల్టీమీటర్ పెట్టి వోల్టులు చూడు. 12.6 పైన ఉంటే మంచిది. 12.4 కూడా లేకపోతే దానికి ఏ చార్జరూ అక్కర్లేదు, వచ్చాక కొత్తది వేయించుకో. సగం దిగిన బ్యాటరీని నెలలు వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, అది మళ్ళీ పూర్తిగా కరగదు.

నేను చెప్పినలాంటి చార్జర్ దొరకలేదనుకో, ఏదో ఒకటి తగిలించి వెళ్ళిపోకు. బ్యాటరీ తీసి నీడపట్టున పెట్టించు. తీసేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు ముందు ప్లస్. నెలకోసారి నేనొచ్చి చార్జ్ చేసి వెళ్తాను. బండిలోనే ఉంచితే మాత్రం మైనస్ విప్పాల్సిందే. బండి ఎక్కడుందో తెలియడానికి నువ్వు పెట్టించిన ట్రాకర్ 10 మిల్లీ యాంపులే తాగినా రోజుకి పావు ఏహెచ్ పోతుంది, నెల తిరిగేసరికి నీ బ్యాటరీ ఖాళీ.

మీ అమ్మకి స్విచ్ ఎక్కడుందో చూపించు. వారానికోసారి బ్యాటరీ మీద చెయ్యి పెట్టమను. వేడిగా ఉన్నా, వాసన వచ్చినా ముందు గోడ స్విచ్ ఆపేసి నాకు ఫోన్ చెయ్యమను, వైర్లు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు.

వచ్చే ఆదివారం మల్టీమీటర్ తీసుకుని వస్తాను. శనివారమే చార్జర్ తగిలించి ఉంచు. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చూద్దాం. రెండుసార్లూ 13.2కీ 13.8కీ మధ్య ఉండి, ఎండ ఎక్కాక కాస్త తగ్గి కనిపిస్తేనే దాన్ని అక్కడ వదిలి వెళ్దువుగాని.

మీ బాబాయి