ఇల్లు, ఆఫీసు, నిద్ర: ఈ మూడింటిలో నవ్వు ఎక్కడుంది?

మీరు రెండు సంగతులు రాశారు. అందరికీ సరదా అనుభవాలు ఉంటాయి, మీ బతుకు మాత్రం ఇల్లు, ఆఫీసు, నిద్ర కాబట్టి తలుచుకుని నవ్వుకోవడానికి ఏమీ లేదన్నారు. ఈ మధ్యే పెద్ద దెబ్బ ఒకటి తగిలిందనీ, స్నేహితులు దాన్ని నవ్వుతూ తీసుకోమంటున్నారనీ, అది మీ వల్ల కావడం లేదనీ కూడా అన్నారు. మొదటిది నేను ఒప్పుకోను. రెండో విషయంలో మీ స్నేహితులదే తొందర.

మొదటిది చూద్దాం. నవ్వు రావాలంటే ఏదో విడ్డూరం జరగాలని చాలామంది అనుకుంటారు. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే పరిశోధకుడు తన విద్యార్థులతో కలిసి బహిరంగ ప్రదేశాల్లో జనం మాటలు వింటూ 1200 నవ్వులను నమోదు చేశాడు. వాటిలో జోకు అనదగ్గ మాట తర్వాత వచ్చినవి 20 శాతం కూడా లేవు. మిగతావన్నీ ‘సరే, మళ్ళీ కలుద్దాం’ లాంటి చప్పిడి మాటల వెంట వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటికంటే పక్కన మనిషి ఉన్నప్పుడు మనం దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతామని కూడా ఆయన తేల్చాడు. కాబట్టి మీ జ్ఞాపకాలు ఒంటరిగా తలుచుకుంటే నవ్వు రాకపోవచ్చు. అంతమాత్రాన వాటిలో సరుకు లేదనుకోకండి.

మా ఇంటి గోడ గడియారం సంగతి చెబుతాను. ఎవరికీ ఆలస్యం కాకూడదని నాన్నగారు దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పారు. ఆ సంగతి తెలియని అమ్మ, పిల్లలు బడికి వేళకు వెళ్ళాలని మరో ఐదు నిమిషాలు తిప్పింది. ఎవరు తిప్పింది వాళ్ళు మనసులో తీసేసుకుని కాలం గడిపేవారు. అంటే ఒకే గడియారం నాన్నగారికి ఒక సమయం, అమ్మకు ఇంకో సమయం, ఏమీ తెలియని పిల్లలకు మూడో సమయం చూపించేది. ఒకసారి రైలు ఎక్కవలసిన చుట్టం ఒకాయన ‘టైమెంతయింది?’ అని అడిగితే ఇంట్లో మూడు మూలల నుంచి మూడు జవాబులు వచ్చాయి. ఆయన తన చేతి గడియారం చూసుకున్నాడు. అందులో నాలుగోది ఉంది. మా అందరి ముఖాలూ కాసేపు పరిశీలనగా చూసి, ఒక్క మాట కూడా అనకుండా సంచి అందుకుని వెంటనే స్టేషనుకు బయలుదేరాడు.

ఇది మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఎవరికీ హాస్యంగా తోచలేదు. మాకు అది గడియారం, అంతే. బయటి మనిషి ముఖం చూశాక గానీ మాకు వెలగలేదు. పైగా నాన్నగారికి ఆ లెక్క ఎంత అలవాటైపోయిందంటే, ఎవరింటికి వెళ్ళినా అక్కడి గడియారంలోంచి కూడా పది నిమిషాలు తీసేసేవారు. ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో నవ్వు గురించి రాసినప్పుడు చెప్పింది ఇదే: ప్రాణమున్న మనిషి సందర్భాన్ని పట్టించుకోకుండా యంత్రంలా నడుచుకున్న చోట మనకు నవ్వొస్తుంది. మీ ఇంట్లోనూ, మీ ఆఫీసులోనూ ఇలాంటి యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి. ఫోనులో అవతలి మనిషి ఎంత దూరాన ఉంటే అంత గట్టిగా అరిచేవాళ్ళు, లిఫ్టులో వినిపించే గొంతుకు ‘సరేనమ్మా’ అని బదులిచ్చేవాళ్ళు, ‘క్లుప్తంగా చెబుతాను’ అని మొదలుపెట్టి అరగంట మాట్లాడే పై అధికారి. రోజూ చూస్తున్నాం కాబట్టి కనిపించరు.

ఇక మీకు తగిలిన దెబ్బ. నాన్నగారికి పెద్ద ఆపరేషను జరిగిన రోజు మా ఇంట్లో అందరి ప్రాణాలూ గొంతులోనే ఉన్నాయి. మత్తు దిగి, కళ్ళు పూర్తిగా తెరవకముందే ఆయన అడిగిన మొదటి మాట ‘గ్యాస్ కట్టేశారా?’ అని. అమ్మ ఏడ్చేసింది. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ పూట ఎవరైనా ‘నవ్వండి, భలే మాట అన్నారు’ అని ఉంటే వాళ్ళతో నాకు మాటలు ఉండేవి కావు. ఆయన కోలుకుని, మందులు తగ్గి, చాలాకాలం గడిచాక ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మే ఆ మాట ఎత్తి నవ్వింది. అప్పుడు అందరం నవ్వాం. ఇప్పుడది మా ఇంటి సామెత. ఎవరు ఎంత దూరం నుంచి వచ్చినా గుమ్మంలో పడే మొదటి ప్రశ్న అదే.

ఈ కాలవ్యవధి గురించి పీటర్ మెక్‌గ్రా అనే అమెరికా పరిశోధకుడి బృందం చేసిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. కారు గుద్దిన సంఘటన నిన్న జరిగినదానికంటే ఐదేళ్ళ కిందట జరిగినదైతే ఎక్కువ నవ్వు తెప్పిస్తుందనీ, కాలి వేలికి ఎదురుదెబ్బ తగలడం లాంటి చిన్న సంగతి మాత్రం ఐదేళ్ళ కిందటిదానికంటే నిన్నటిదే నవ్వు తెప్పిస్తుందనీ తేలింది. అదే ఏడాది అమెరికాను తాకిన శాండీ తుపాను మీద వచ్చిన హాస్యపు ట్వీట్లను వాళ్ళే వేర్వేరు రోజుల్లో జనానికి చూపించారు. నష్టం తెలిసివచ్చిన తొలి రోజుల్లో నవ్వు పడిపోయింది. సుమారు ఐదు వారాలకు బాగా పెరిగింది. ఆ తర్వాత మళ్ళీ తగ్గింది. పెద్ద దెబ్బ పచ్చిగా ఉన్నంతకాలం మీకు నవ్వు రాకపోతే మీలో లోపమేమీ లేదు. ఎవరి దెబ్బ ఎప్పుడు మానుతుందో చెప్పే పట్టిక లేదు. స్నేహితులకు ‘ఇంకా కాలేదు’ అని చెప్పి ఊరుకోండి. నా అభిప్రాయంలో అలాంటి కథను మొదట నవ్వుతూ చెప్పే హక్కు దెబ్బ తిన్న మనిషిదే. మా ఇంట్లో అమ్మ ఎత్తేదాకా మేమెవరం నోరు విప్పకపోవడం మంచిదే అయింది.

చిన్న సంగతులను మాత్రం ఆ రోజే పట్టుకోండి, అవి త్వరగా చప్పబడిపోతాయి. నేను ఫోనులోనే రాసి పెట్టుకుంటాను. ‘ఆఫీసులో తమాషా జరిగింది’ అని రాసుకుంటే నెల తర్వాత చదివినా ఏమీ గుర్తురాదు. మనిషి అన్న మాట అన్నట్టుగా, అదే పొల్లుతో, అదే ఒత్తుతో రాసుకోవాలి. ఎప్పుడు అన్నాడో, ఎవరు విన్నారో ఒక్క ముక్క చాలు. తర్వాత, ఆ సమయంలో అక్కడే ఉన్న మరొకరికి దాన్ని చెప్పండి. వాళ్ళు తప్పకుండా మీ కథను ఒప్పుకోరు. అసలు వినోదం అక్కడే మొదలవుతుంది.

నాన్నగారు ఆ రోజు అడిగింది గ్యాస్ గురించి కాదు, ఫ్రిజ్ తలుపు గురించి అని మా అక్క ఇప్పటికీ వాదిస్తుంది. మేమిద్దరం ఎన్నిసార్లు తగువుపడినా తేలలేదు. చివరికి ఆయన్నే అడిగాం. రెండూ తప్పే, తాను ఆస్పత్రి బిల్లు ఎంతయిందని అడిగాననీ, దానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదనీ అన్నారు.