సీఎస్ఆర్ పేజీ చూసి ఇంజనీరింగ్ కంపెనీ మంచిదో కాదో చెప్పొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మెకానికల్ పూర్తయింది, విశాఖలో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. వాళ్ల వెబ్‌సైట్‌లో సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పేజీ నిండా స్కూలు పిల్లలకి బెంచీలు, బీచ్ శుభ్రం చేయడాలు, మొక్కలు నాటడాలు. బయటివాళ్లకి ఇంత చేసేవాళ్లు లోపలివాళ్లని ఇంకెంత బాగా చూస్తారో కదా అని మీ ఆశ.

నేను 2012లో ట్రైనీగా చేరినప్పటి నుంచి గాజువాక, పరవాడ చుట్టుపక్కలే తిరుగుతున్నాను. రెండు కంపెనీల్లో పనిచేశాను, షట్‌డౌన్ (మరమ్మతులకి ఫ్యాక్టరీ ఆపినప్పటి) పనుల మీద చాలా ఫ్యాక్టరీల్లోకి వెళ్లొచ్చాను. ఆ పేజీ చూసి లోపల ఎలా ఉంటుందో చెప్పలేం అని నా అనుభవం. చెడ్డ కంపెనీ అని అనడం లేదు, ఆ పేజీ మీకు ఆ సంగతి చెప్పదు అంటున్నాను.

ముందు చట్టం సంగతి, త్వరగా. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నెట్‌వర్త్ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలి. 2021 నుంచి మిగిలిన డబ్బు తమ దగ్గరే ఉంచుకునే వీలు కూడా లేదు, ప్రత్యేక ఖాతాలోనో ప్రభుత్వ నిధిలోనో వేసేయాలి. అంటే ఇది యజమాని ఉదారత కన్నా పన్నుకి దగ్గర చుట్టం. ఇంకో ముఖ్యమైన మాట: ఉద్యోగులకి, వాళ్ల కుటుంబాలకి మాత్రమే పనికొచ్చే ఖర్చు సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. మీకిచ్చే సేఫ్టీ షూ, క్యాంటీన్‌లో ఫ్యాను, వెల్డర్ పిల్లల ఫీజు, ఏదీ ఆ పేజీలో కనపడదు. మీరు వెతుకుతున్నది ఆ పేజీలో ఉండే అవకాశమే లేదు మరి.

ఇప్పుడు నా మొదటి కంపెనీ గురించి. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా వర్క్‌షాప్ పైకప్పు రేకులు సగం లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మర్నాడు పొద్దున్న పడిపోయిన చెట్లు దాటుకుంటూ యార్డుకి నడిచివెళ్తే, అప్పటి మా వర్క్స్ మేనేజర్ అప్పటికే అక్కడున్నాడు. స్టోర్‌లో ఉన్న రెండు డీజిల్ జనరేటర్లలో ఒకటి పక్క వీధి బోరుకి తగిలించమన్నాడు. వీధి జనమంతా బిందెలు పట్టుకుని వరుస కట్టారు. ఎవరూ ఫొటో తీయలేదు, తీద్దామన్నా ఫోన్లలో ఛార్జింగ్ లేదు. అది ఏ నివేదికలోనూ ఎక్కలేదు.

నాకు అంతకన్నా బాగా గుర్తుండిపోయింది నెలాఖరు మస్టర్, అంటే హాజరు పట్టీ. షాప్ మూతపడిన ఆరు రోజులకీ కాంట్రాక్టు మనుషులందరికీ హాజరు వేయించాడు. కాంట్రాక్టర్ 'పని చెయ్యని రోజుకి కూలేంటి సార్' అని గొణిగితే, 'గాలివాన వాళ్లు తెచ్చారా?' అని ఒక్క మాటతో సరిపెట్టాడు. ఆ తర్వాత రెండేళ్లు మా షాప్‌లో ఎవడైనా 'సార్, ఈ స్లింగ్ (బరువులెత్తే తాడు) బాలేదు' అని చెప్పడానికి జంకేవాడు కాదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా నమ్మకం. ఆరు రోజుల హాజరు వేసిన మనిషి తన మాట వింటాడని బరువులు కట్టి ఎత్తించే రిగ్గర్‌కి తెలిసిపోయింది.

ఆయన రిటైరయ్యాడు. కంపెనీ అదే, బోర్డు అదే, సీఎస్ఆర్ బడ్జెట్ ఇంకా పెరిగింది కూడా. కొత్తగా వచ్చినాయన రోజూ పొద్దున్న మీటింగ్‌లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని టన్నులు?

ఒక నైట్ షిఫ్ట్. స్టెయిన్‌లెస్ స్టీల్ వెసెల్ (పెద్ద ట్యాంకు లాంటిది) మీద రూట్ వెల్డింగ్, అంటే అతుకులో మొదటి వరస. స్టెయిన్‌లెస్‌కి లోపలివైపు వెల్డు మాడిపోకుండా ఆర్గాన్ వాయువు నింపి గాలిని బయటికి తోసేస్తారు, దాన్ని పర్జింగ్ అంటారు, మీరు చేరాక మొదటి నెలలోనే చూస్తారు. ఆర్గాన్‌కి రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే లోపలికి మనిషిని దింపకూడదు. దింపేముందు మీటర్‌తో కొలవాలి, మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి. ఆ రాత్రి మీటర్ ఇంకో షాప్‌లో ఉంది. కాపలా మనిషిని గ్రైండింగ్‌కి పంపేశారు, తెల్లారేసరికి జాబ్ డిస్పాచ్ కావాలి కదా. లోపల అడ్డం పెట్టిన ఫోమ్ తీయడానికి ఒక హెల్పర్ దిగాడు, పందొమ్మిది ఇరవై ఏళ్ల కుర్రాడు. రెండు నిమిషాల తర్వాత అతని జోడీవాడి కేక: 'సార్, ఆడు పలకట్లేదు!'

కేక వేసి వాడూ లోపలికి దూకబోయాడు. మా ఫోర్‌మన్ కాలర్ పట్టుకుని వెనక్కి లాగి పడేశాడు. అలాంటి చోట ఒకర్ని కాపాడబోయి రెండోవాడు పోవడం చాలాసార్లు జరిగేదే. అదృష్టం బాగుండి కుర్రాడు మ్యాన్‌హోల్ పక్కనే కూలాడు, బెల్టుకి తాడు ఉంది. పైకి లాగేశాం. బయట గాలి తగలగానే నాలుగైదు నిమిషాల్లో కళ్లు తెరిచాడు. నా చేతులు మాత్రం పొద్దున టీ గ్లాసు పట్టుకునేదాకా వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు రాసిన కాగితంలో 'ఎండ వేడికి సొమ్మసిల్లాడు' అని ఉంది. రాత్రి రెండింటికి ఎండేంటో! కుర్రాడి గేట్ పాస్ రద్దయింది. 'పర్మిట్ లేకుండా దిగాడు' అట. దిగమన్నదెవరో ఎవరూ అడగలేదు. ఆ కాగితం మీద సాక్షిగా నా సంతకం ఉంది. దాని గురించి ఎక్కువ రాయలేను.

ఆ శనివారమే ఆర్కే బీచ్‌లో శుభ్రత కార్యక్రమం. అందరికీ తెల్ల టీషర్టులు, టోపీలు, చేతికి గ్లౌజులు. వెసెల్ దగ్గర వెల్డర్లకి నెలకి ఒక జత గ్లౌజులు ఇవ్వడానికి ఇండెంట్ (కావాలని రాసిచ్చే చీటీ) మీద ఇండెంట్ పెట్టించుకునే స్టోర్‌వాళ్లే ఆ రోజు పెట్టెలకి పెట్టెలు పంపారు. గంటన్నర ప్లాస్టిక్ ఏరి, ఇడ్లీ తిని, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగాం. ఆ ఏడాది బ్రోషర్‌లో ఆ ఫొటోయే వేశారు. కుడివైపు నుంచి మూడోవాణ్ణి నేనే. బీచ్ నిజంగానే శుభ్రపడింది, అది అబద్ధం కాదు.

గేటు దగ్గర 'ప్రమాదాలు లేని రోజులు' అని పెద్ద బోర్డు ఉంటుంది చూడండి, దాన్ని చూసి కూడా ఊరికే మురిసిపోకండి. మా బోర్డు నాలుగు వందలు దాటింది. వేలు నలిగిన ఫిట్టర్‌ని కట్టు కట్టించి స్టోర్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లం, పనికి వచ్చినట్టే లెక్క కాబట్టి అంకె ఆగదు. బోర్డు మీద అంకె పెరుగుతూ, నియర్ మిస్ రిజిస్టర్ (త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాసే పుస్తకం) ఖాళీగా ఉంటే అక్కడ జనం నోరు విప్పడం లేదని నేను అనుకుంటాను.

రెండో కంపెనీ చిన్నది. సీఎస్ఆర్ పరిధిలోకే రాదు. వెబ్‌సైట్‌లో ఇప్పటికీ పాత అడ్రసే. చేరిన మూడో నెలలో ఒక సూపర్‌వైజర్ గ్యాస్ మీటర్ క్యాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే పరీక్ష) గడువు దాటిందని ట్యాంక్ పని ఆపేశాడు. ఇంకో మీటర్ తెప్పించేసరికి అయిదు గంటలు పోయాయి, క్లయింట్ ఫోన్ మీద ఫోన్. పొద్దున్న మీటింగ్‌లో వీడికి అక్షింతలు ఖాయం అనుకున్నాను. యజమాని 'స్పేర్ మీటర్ ఎందుకు లేదు?' అని పర్చేజ్‌వాళ్లని అడిగి తర్వాతి విషయంలోకి వెళ్లిపోయాడు. అంతే. భోపాల్ తర్వాత 1987లో అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ అని ఒక సెక్షన్ చేర్చారు, ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆ సంగతి పైవాళ్ల దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి ఉందని. చట్టంలో రాసి ఉన్నదాన్ని షాప్‌లో మనుషులు నిజంగా వాడుకోవడం నేను చూసింది అక్కడే. అలాగని అది స్వర్గమేం కాదు, జీతాలు తక్కువ, ఆదివారం సెలవు పేరుకే.

'మనమంతా ఒక కుటుంబం' అనే హెచ్ఆర్ మాటలు, పుట్టినరోజు కేకులు, వాట్సాప్ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్‌లు అన్ని చోట్లా ఉంటాయి. వాటిని లెక్కలోకి తీసుకోకండి.

గేటు బయట బాధ్యత అంటే ఈ ఊళ్లో నాకు మొదట గుర్తొచ్చేది సైరన్. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. జనాన్ని హెచ్చరించే సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. అందుకే ఇంటర్వ్యూలో మీకు ప్రశ్నలు అడిగే అవకాశం ఇస్తే, చివరిసారి మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు, పక్క ఊరివాళ్లని పిలిచారా అని అడగండి. తడుముకుంటే మీకే తెలుస్తుంది.

మీ కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయి, మార్కెట్ విలువలో మొదటి వెయ్యిలో ఉంటే, వార్షిక నివేదికలో బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) అనే భాగం ఉంటుంది. 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ తప్పనిసరి చేసింది. సీఎస్ఆర్ ఫొటోలు దాటేసి అక్కడికి వెళ్లండి. పర్మనెంట్ కార్మికులు ఎందరు, కానివాళ్లు ఎందరు, గాయాలు, మరణాలు ఎన్ని, ఉద్యోగులకీ కార్మికులకీ విడివిడిగా ఇవ్వాలి. కాంట్రాక్టు మనుషులు వేలల్లో ఉండి గాయాల దగ్గర సున్నాలే కనిపిస్తే, నా వేలు నలిగిన ఫిట్టర్‌ని గుర్తు తెచ్చుకోండి.

లిస్టెడ్ కాకపోతే, ఆఫర్‌కి ఒప్పుకునేముందు ఒక సాయంత్రం షిఫ్ట్ వదిలే వేళకి గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్లండి. ఫార్మల్స్‌లో వెళ్లకండి, సేఫ్టీ ఆఫీసర్ అనుకుని ఎవరూ మాట్లాడరు. వెల్డర్‌నో రిగ్గర్‌నో పలకరించి మూడు సంగతులు అడగండి: జీతం 7వ తేదీలోపు పడుతోందా, బూట్ల డబ్బు జీతంలో కోస్తారా, పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా డబ్బు కనపడుతోందా. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే ఉండేది, 2025లో దాని బదులు అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లోనూ ఉంది, కాబట్టి 'అది కాంట్రాక్టర్ చూసుకుంటాడు' అనే జవాబు ఎక్కడ వినపడినా చెవిలో వేసుకోండి. టీ డబ్బులు మీరే ఇవ్వండి.

ఆర్గాన్ కుర్రాడి గురించి అడుగుతారేమో. ఇప్పుడు అచ్యుతాపురం వైపు వెల్డర్‌గా ఉన్నాడు. పోయినేడాది కూర్మన్నపాలెం జంక్షన్‌లో కనపడ్డాడు, నేను గుర్తుపట్టలేదు, వాడే 'సార్' అని పిలిచాడు.