ముందు చిన్నోడి తేదీ, తర్వాతే మీ టికెట్లు

ప్రశ్న: మేడమ్, నా వయసు 37. మాది విజయవాడ పటమట. మావారికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చి పోయిన అక్టోబరులో వెళ్లారు. నేనూ పదేళ్ల పాపా మే 28న బయల్దేరాలి. టికెట్లు కూడా తీసేశారు. మాకు ఒక కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మేం సింగ్‌నగర్‌లో ఉండేవాళ్లం. పడవలో బయటికి వస్తుంటే ఓ మెట్ల మీద కుక్కపిల్ల వణుకుతూ కనిపించింది. పాప ఒళ్లో పెట్టుకుని తెచ్చేసింది. వాడే చిన్నోడు. పిల్లి బుజ్జమ్మకు 13 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ ఇంటి అటక మీద పుట్టింది, పెళ్లయిన కొత్తలో నాతో తెచ్చుకున్నాను. ఇప్పుడు దానికి కిడ్నీ జబ్బు.

రెండింటినీ అమ్మ దగ్గర వదిలేసి రమ్మంటారు మావారు. గట్టిగా అడిగితే ‘ఇక్కడ మనుషులకే ఇల్లు దొరకట్లేదు, కుక్కకు ఎక్కడ తేను?’ అంటారు. అమ్మకు 66, మోకాళ్ల నొప్పులు, ఒక్కతే ఉంటుంది. నాతో ‘సరేలే అమ్మాయ్’ అంది గానీ, తమ్ముడితో ‘అది లాగితే పడిపోతానేమోరా’ అందట. ‘చిన్నోడు తర్వాత ఫ్లైట్‌లో వస్తాడు’ అని మావారు పాపకు చెప్పారు. అది నమ్మి కుక్కకు బొమ్మలన్నీ సంచిలో సర్దుతోంది. చిన్నోడికి రేబిస్ టీకా నవంబరులో వేయించాను, చిప్ లేదు. సామాను సర్దడం మొదలుపెట్టి మూడు వారాలైంది, ఒక్క డబ్బా కూడా మూయలేకపోయాను. పెట్టినవే తీస్తున్నాను. రాత్రి పదకొండుకు ఫోన్‌లో గొడవ, ఆ తర్వాత నిద్ర ఉండదు. ఏం చేయమంటారు?
— ఒక ఇల్లాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు తేదీ సంగతి చెప్పేస్తాను. మే 28న చిన్నోడు మీతో రావడం కుదరదు. మీవారు ఒప్పుకున్నా కుదరదు. యూరప్ లెక్కలో, చిప్ పెట్టకముందు వేసిన రేబిస్ టీకా వేయనట్టే. ముందు వాడికి చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్ పెట్టించాలి, ఆ తర్వాత టీకా మళ్లీ వేయించాలి. 30 రోజులు గడిచాక రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. ఆ పరీక్షలో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నట్టు తేలాలి. అది తేలినా వెంటనే బయల్దేరడానికి లేదు. మన దేశం నుంచి వెళ్లే కుక్క అయినా, పిల్లి అయినా రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాల్సిందే.

ఇప్పుడు వేళ్ల మీద లెక్కేసుకోండి. ఈ ఫిబ్రవరి నెలాఖరుకు చిప్, టీకా అయిపోతే ఏప్రిల్ మొదట్లో రక్తం తీస్తారు. జులై మొదటి వారానికి మూడు నెలలు నిండుతాయి. కాస్త వెసులుబాటు ఉంచుకుంటే జులై మధ్యలో ప్రయాణం. మీ దగ్గర్లో చిప్ పెట్టేవాళ్లు లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీలో అడగండి. మిగతా పనులు ఒక వారం ఆగినా ఏమీ కాదు. ఇది ఆగితే మాత్రం ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులు మీ ప్రయాణం వెనక్కి పోతుంది.

మీవారు అన్న ‘తర్వాత ఫ్లైట్’ కూడా అనుకున్నంత తేలిక కాదు. యజమాని ప్రయాణానికీ జంతువు ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే, దాన్ని ఇంటి కుక్కగా కాకుండా వ్యాపారానికి తెచ్చినట్టు లెక్కగడతారు. అప్పుడు నిబంధనలు వేరు, తిప్పలు వేరు.

ఇదంతా చదివి మీకు గుండె జారి ఉంటుంది. నాకు మాత్రం ఈ ఆలస్యంలోనే మీ ఇంటికి దారి కనిపిస్తోంది. మన బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి మీవారి మనసులో ఆ లెక్కే ఉండి ఉంటుంది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో వేసవి సెలవులు ఆగస్టు నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉంటాయి. కొత్త తరగతి మొదలయ్యేది ఆ తర్వాతే. మే నెలలో వెళితే భాష రాని పాప చదువుల ఏడాది చివర్లో మధ్యలో దూరినట్టవుతుంది. జులైలో వెళితే ఊరు, ఇల్లు, నాన్న అలవాటయ్యాక బడికి వెళుతుంది. మీ వీసా గడువు జులై దాటి ఉందో లేదో మాత్రం ఇవాళే చూసుకోండి. టికెట్లు మార్చినందుకు కొంత డబ్బు పోతుంది, పోనివ్వండి.

పటమట ఇల్లు అనుకున్నట్టే మే నెలాఖరుకు ఖాళీ చేయండి. పెద్ద సామాను పంపించేసి, సూట్‌కేసులు, పాప, చిన్నోడు, బుజ్జమ్మతో సహా బ్రాడీపేట వెళ్లిపోండి. ఆ నెలన్నర అమ్మ దగ్గరే ఉండండి. మీవారికి అద్దె మిగులుతుంది. అమ్మకు మీరు మిగులుతారు. మీ అమ్మగారు మీతో ‘సరే’ అన్నదీ నిజమే, తమ్ముడి దగ్గర భయపడిందీ నిజమే. ఊరు దాటిపోతున్న కూతురికి ‘వద్దు’ అని చెప్పలేని అమ్మలు చాలామంది నాకు తెలుసు. ఏడాదిన్నర వయసున్న నాటు కుక్క మంచి బలం మీద ఉంటుంది. వీధిలో ఇంకో కుక్క మొరిగిందంటే లాక్కుపోతుంది. మోకాళ్లు అరిగిన మనిషి చేతిలో ఆ గొలుసు పెట్టి మీరు మ్యూనిక్‌లో నిద్రపోలేరు. చిన్నోణ్ని అమ్మ దగ్గర వదిలే ఆలోచన మానేయండి.

మీవారి గురించి. మీ ఉత్తరంలో ఆయన రాతి మనిషిలా కనిపిస్తున్నాడు. ఆయన అన్న మాటను ఇంకోసారి చదివాను: ‘మనుషులకే ఇల్లు దొరకట్లేదు.’ ఆ నగరంలో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో అక్కడున్న మనవాళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. కుక్క ఉందని తెలిస్తే ఓనరు ‘వద్దు’ అనేస్తాడని ఆయన భయం. కుక్కను పంపే ఖర్చు లక్షల్లోకి వెళుతుందని ఎవరో చెప్పే ఉంటారు. వరదలో పోయిన సామాను అప్పులు తీరాయో లేదో మీరు రాయలేదు. అక్టోబరు నుంచి ఒంటరిగా ఉన్న మనిషి ఈ లెక్కలన్నీ ఒక్కడే కూర్చుని వేసుకుంటున్నాడు.

పైగా మీరు మాట్లాడుకునే వేళ చూడండి. ఇక్కడ రాత్రి పదకొండంటే అక్కడ ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. ఆయన అప్పుడే ఆఫీసు నుంచి బయటపడి ఉంటాడు. మీరు రోజంతా డబ్బాలతో అలసిపోయి ఉంటారు. ఆ వేళప్పుడు ‘అన్నం తిన్నావా’ అన్న మాట కూడా గొడవకే దారి తీస్తుంది. ఈ విషయం ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మాట్లాడండి. ఆయనకు అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర అవుతుంది, కాఫీ తాగుతూ ఉంటాడు. ‘కుక్కను తేవాలా వద్దా’ అని మొదలుపెట్టకండి. పైన చెప్పిన తేదీలు కాగితం మీద రాసి ఫొటో పంపండి. ఒక పని ఆయనకు అప్పజెప్పండి: ఇల్లు ఒప్పందం చేసుకునే ముందు కుక్కకు ఓనరు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అక్కడ కుక్కకు ఏటా పన్ను కట్టాలి, దానికి నమోదు ఎక్కడో ఆయన్నే కనుక్కోమనండి. చిన్నోడి కోసం నాలుగు చోట్ల తిరిగితే ఆయన మనసు కూడా మెత్తబడుతుందని నా నమ్మకం. అన్నీ చూశాక కూడా డబ్బు నిజంగా సరిపోదంటే, అప్పుడు మీరిద్దరూ కలిసి చిన్నోడికి ఇక్కడే మంచి ఇల్లు వెతకండి. అదేమీ పాపం కాదు. పాపకు అబద్ధం చెప్పి వెళ్లిపోవడం మాత్రం నేను ఒప్పుకోను.

దీని మీద నేను మెత్తగా మాట్లాడలేను. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్నగారికి తెనాలి నుంచి బదిలీ అయింది. ‘రాజు రెండో లారీలో వస్తాడు’ అన్నారు. రాజు మా కుక్క. కొత్త ఊళ్లో లారీ చప్పుడైతే చాలు వీధిలోకి పరిగెత్తేదాన్ని. అలా ఎన్ని నెలలు పరిగెత్తానో గుర్తు లేదు. వాణ్ని పాలవాడికి ఇచ్చేశారని పదో తరగతిలో ఉన్నప్పుడు మాటల్లో తెలిసింది. మా నాన్నగారంటే నాకు ప్రాణం. అయినా ఆ తర్వాత ఆయన ఏదైనా ‘చూద్దాంలే’ అన్నారంటే అది జరగదని లోపల అనుకునేదాన్ని. మీ పాప బొమ్మలు సర్దుతోందని రాశారే, ఆ సంచి అలా నిండకముందే నిజం చెప్పండి. తర్వాత ఫ్లైట్ అన్నది నిజం కాదని, తప్పు మాట చెప్పానని నాన్నే తన నోటితో చెబితే ఇంకా మంచిది.

ఇక డబ్బాలు. ఒక్కటీ మూయలేకపోతున్నానని మీరు సిగ్గుపడుతూ రాశారు. సిగ్గెందుకమ్మా? వరద తీశాక సింగ్‌నగర్ రోడ్ల పక్కన పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు బురదతో గుట్టలు పోసి ఉండటం మీరు కళ్లారా చూశారు. అందులో మీ ఇంటివీ ఉండి ఉంటాయి. అప్పుడు ఏది ఉండాలో ఏది పోవాలో నీళ్లే తేల్చాయి. ఇప్పుడు మీ చేత్తో మీరే తేల్చాలి. అందుకే చెయ్యి వెనక్కి వస్తోంది. బీరువా అడుగున ఇంకా తుప్పు గీత కనిపిస్తున్న ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. అలాంటి బీరువాలో నుంచి ఒక చీర తీసి ‘ఇది అక్కర్లేదు’ అనడం మిగతావాళ్లు అనుకున్నంత చిన్న పని కాదు.

అందుకని బీరువా జోలికి ఇప్పుడు వెళ్లకండి. వరదలో మిగిలినవన్నీ, ఫొటోలు, పెళ్లి చీరలు, పాప చిన్నప్పటి గౌన్లు, ఏమీ ఏరకుండా ఒక్క ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి బ్రాడీపేట పంపేయండి. వాటి సంగతి జూన్‌లో అమ్మ పక్కన కూర్చుని చూద్దురుగాని. వంటింటితో మొదలుపెట్టండి. మిక్సీ తీసుకెళ్లండి, అక్కడి కరెంటూ మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ప్లగ్గు ఒక్కటే మారుతుంది. నెయ్యి సీసా మాత్రం పెట్టకండి, పాలతో, మాంసంతో చేసినవి లగేజీలో యూరప్‌కు తేనివ్వరు. గోంగూర పచ్చడికి ఆ భయం లేదు. రోజుకు ఒకే డబ్బా తీసుకోండి, అది మూసి టేపు వేశాకే రెండోది తెరవండి. కత్తెర, టేపు చప్పుడుకు కుక్కలు బెదురుతాయి కాబట్టి చిన్నోడి పక్క, నీళ్ల గిన్నె ఉన్న మూలను ఆఖరి రోజు దాకా కదపకండి.

వాడు ప్రయాణం చేసే పెట్టె ఇప్పుడే కొనండి. అందులో వాడు తల తగలకుండా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. తలుపు ఊడదీసి హాల్లో పెట్టి, రోజూ అన్నం అందులోనే పెట్టండి. జులై నాటికి అది వాడి గది అయిపోతుంది. మత్తు మందు ఇచ్చి పంపమని ఎవరైనా చెప్పినా వినకండి, విమానంలో ఊపిరికి ప్రమాదం. ఎండలు ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్ని ఎయిర్‌లైన్స్ జంతువులను తీసుకోవు, టికెట్ కొనేముందే ఆ సంగతి అడగండి. ప్రయాణానికి ముందు పది రోజుల్లోపు ప్రభుత్వ పశువైద్యాధికారి ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్ కావాలి. దానికి హైదరాబాద్‌లోని కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయంతో పని ఉంటుంది, ఆ వారంలో రెండు రోజులు అక్కడికే కేటాయించుకోండి.

మీ నిద్ర గురించి కూడా ఒక మాట. గొడవ లేని రోజు కూడా నిద్ర పట్టకపోతే, వాన చప్పుడుకు గుండె దడగా ఉంటే, దాన్ని ప్రయాణం టెన్షన్ అని తోసేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

బుజ్జమ్మను మాత్రం తీసుకెళ్లొద్దు. పదమూడేళ్ల వయసు, కిడ్నీ జబ్బు ఉన్న పిల్లిని అన్ని గంటలు పెట్టెలో కూర్చోబెట్టడం దానికి శిక్ష. అది పుట్టిన ఇంటికే వెళుతోంది, అమ్మను లాగి పడేసేదీ కాదు. మేలో బ్రాడీపేట చేరగానే ఇల్లంతా వదిలేయకుండా ఒక గదిలోనే ఉంచండి. వారం పోయాక తలుపు తీయండి. వీధిలోకి మాత్రం మీరు ఉన్నన్నాళ్లూ పంపొద్దు, పాత ఇల్లు వెతుక్కుంటూ పోయే పిల్లులు ఉంటాయి. దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని తమ్ముడిదని ఇప్పుడే ఖాయం చేసుకోండి, డబ్బు మీరు పంపండి. మీరు మ్యూనిక్‌లో ఉండగానే అది పోవచ్చు. ఆ ఫోన్ అమ్మ చేయాలా, తమ్ముడు చేయాలా, పాపకు ఎవరు చెప్పాలి అన్నది కూడా ముందే మాట్లాడుకోండి.

తమ్ముడు ఈసారి విజయవాడ వచ్చేటప్పుడు అమ్మ రోజూ పక్క మీద పరుచుకునే పాత చీర ఒకటి, ఉతక్కుండా తెమ్మనండి. బుజ్జమ్మ పడుకునే చోట ఇప్పటి నుంచే అది వేసి ఉంచండి.