డాక్టరు గారికి ఉత్తరం: అల్సరు నేరం మిరపకాయది కాదు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పేగుల్లో ఉండే బ్యాక్టీరియా గురించే వచ్చాయి. ప్రకటనల పుణ్యం కావచ్చు! రాసినవాళ్ళ పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం నాది. వయసు 44. చాలాకాలంగా కడుపులో మంట, తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చేస్తుంది. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదట్లో అల్సరు ఉందన్నారు, హెచ్.పైలోరి అనే క్రిమికి పాజిటివ్ అన్నారు. 14 రోజులకు మందులు రాశారు. ఐదో రోజుకే నొప్పి పోయింది. నోరంతా చేదు, విరేచనం నల్లగా వస్తోందని భయమేసి ఆపేశాను. "కారం మానరా, అదే పోతుంది" అంటుంది మా అమ్మ. అసలిది క్రిమి పనేనా?

జవాబు: క్రిమి పనేనండీ. నొప్పి పోయింది గానీ క్రిమి పోయి ఉండదు, అదీ అసలు సంగతి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో అల్సరు ముదిరితే ఆపరేషన్ టేబులే గతి. ముక్కులో గొట్టంతో పడుకున్నవాళ్ళు వార్డు నిండా ఉండేవాళ్ళు. ఆమ్లం, దిగులు, కారం, ఈ మూడింటి మీదే నేరమంతా మోపేవాళ్ళం. జీర్ణాశయంలోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని పుస్తకాల్లో చదువుకున్నాం మరి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో రోగుల జీర్ణాశయపు ముక్కల్లో వంకర తిరిగిన బ్యాక్టీరియాను చూశాడు, అదే ఈ హెచ్.పైలోరి. తర్వాత బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు తోడయ్యాడు. ల్యాబులో ఎంత ప్రయత్నించినా అవి పెరగలేదు. 1982లో ఈస్టర్ సెలవులకు క్రిముల్ని పెంచే పళ్ళేలను మామూలు కన్నా ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో వదిలేస్తే అప్పుడు పెరిగాయి. అయినా పెద్ద డాక్టర్లు నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిముల్ని కలిపిన ద్రవం తానే తాగేశాడు! కొద్ది రోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి, ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయం పొర వాచి ఉంది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది.

ఈ క్రిమి యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా తయారు చేసుకుంటుంది, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని దాంతో చల్లార్చుకుంటుంది. అలా బతుకుతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా మందిలో ఉంటుంది, చాలావరకు చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళ నుంచే వస్తుంది. అందరికీ అల్సరు రాదు. రానివాళ్ళే ఎక్కువ. కారం వల్ల ఉన్న పుండు మండొచ్చు గానీ పుండు పుట్టదు. మీ అమ్మగారికి ఈ మాట నా పేరు చెప్పి వినిపించండి. ఒంటినొప్పులకు షాపులో కొని మింగే డైక్లోఫినాక్ లాంటి మాత్రల మీద మాత్రం నాకు గట్టి అనుమానం ఉంది, ఈ క్రిమి తర్వాత అల్సర్లకు పెద్ద కారణం అవే. యార్డులో బస్తాలెత్తే వాళ్ళందరికీ చెప్పండి.

చేదు మందులదే. చీటీలో బిస్మత్ అనే మందు ఉందేమో చూడండి, ఉంటే విరేచనమూ నాలుకా నల్లబడతాయి, అది రక్తం కాదు. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో పడి, కళ్ళు తిరిగితే అది రక్తమే, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన మాత్రలు మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. సగంలో ఆపితే క్రిమి ఆ మందుకు అలవాటుపడుతుంది, కాబట్టి ఈసారి వేరే మందులు రాయాల్సి రావచ్చు. ఆపేశానని డాక్టరు దగ్గర దాచకండి. పూర్తి కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, చివరి రెండు వారాలు ఆమ్లం తగ్గించే మాత్ర మానేసి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకోండి. క్రిమి పోయిందని కాగితం మీద చూసేదాకా పోయినట్టు కాదు.

ప్రశ్న: పాలు తాగితే పొట్ట ఉబ్బిపోతుంది, పెరుగన్నం ఎంత తిన్నా ఏమీ కాదు. పాలు పడవంటే మా అత్తగారు నమ్మరు. (నంద్యాల)

జవాబు: పాలల్లోని చక్కెరను అరిగించే ఎంజైము మనవాళ్ళలో చాలామందికి పెద్దయ్యాక తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. పెరుగులో ఆ పని తోడు వేసిన రాత్రే కొంత అయిపోయి ఉంటుంది. మీరు పెరుగే తినండి. అత్తగారికి కాఫీ ఇచ్చి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: పన్ను నొప్పికి యాంటీబయాటిక్ వాడిన మా నాన్నగారికి (68) వారం నుంచి నీళ్ళ విరేచనాలు. మెడికల్ షాపులో విరేచనాలు ఆగే మాత్ర, ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ అనే ఇంకో యాంటీబయాటిక్ మాత్ర ఇచ్చారు. తగ్గలేదు. మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అక్కడ ఇలాంటి జబ్బుకి ఇంకొకళ్ళ మలం ఎక్కిస్తారంటున్నాడు. నిజమా, వేళాకోళమా? (రాజమండ్రి)

జవాబు: నిజమే. కానీ ముందు ఆ రెండు మాత్రలూ ఆపి, ఓఆర్ఎస్ తాగిస్తూ ఈరోజే డాక్టరుకు చూపించండి. 68 ఏళ్ళ మనిషికి వారం విరేచనాలంటే కిడ్నీల మీద పడుతుంది.

యాంటీబయాటిక్ వాడితే విరేచనాలు కావడం మామూలే, చాలామందికి మందు ఆపగానే సర్దుకుంటాయి. కొందరిలో మాత్రం క్లాస్ట్రిడియోయిడెస్ డిఫిసిల్ అనే క్రిమి తలెత్తుతుంది. మామూలు రోజుల్లో దాన్ని పేగులోని మిగతా బ్యాక్టీరియా అణచి ఉంచుతుంది. కాలేయం పంపిన పైత్యరసాన్ని అవి మార్చేస్తాయి, ఆ మారిన రసం ఈ క్రిమిని ఎదగనివ్వదు. కలుపుమందు కొట్టబోయి పైరు మీద కొట్టినట్టు యాంటీబయాటిక్ ఆ మంచివాటిని కూడా చంపేశాక ఇక దీనికి అడ్డేముంది? విషం వదిలి పేగు పొరను పాడు చేస్తుంది. అప్పుడు విరేచనం బిగబట్టే మాత్ర వేస్తే ఆ విషం లోపలే ఉండిపోవచ్చు, అందుకే ఆపమన్నాను. మల పరీక్షలో ఇది తేలితే దీనికి వేరే మందులున్నాయి. ఇంట్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ దీని బీజాలను చంపలేదు.

మందులిచ్చినా ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేవాళ్ళకే మీ అబ్బాయి చెప్పిన చికిత్స. నెదర్లాండ్స్‌లో పరీక్షించి 2013లో ప్రకటించారు: ఆరోగ్యవంతుల మలాన్ని వడగట్టి ఒక్కసారి ఎక్కిస్తే 16 మందిలో 13 మందికి నయమైంది, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 13 మందికి నలుగురికే. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అమెరికాలో 2022 నుంచి ఇది ఆమోదం పొందిన మందుగానే దొరుకుతోంది, 2023లో క్యాప్సూల్ కూడా వచ్చింది. అయితే దాత మలాన్ని సరిగా పరీక్షించకపోవడంతో మందులకు లొంగని క్రిమి సోకి ఒక రోగి చనిపోయినట్టు 2019లో అక్కడి ఔషధ సంస్థే హెచ్చరించింది. వీడియో చూసి ఇంట్లో చేసుకునే పని కాదు. మీ నాన్నగారికి ఇప్పుడు ఆ అవసరమూ లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయికి ఎప్పుడూ గ్యాస్, టెన్షన్ పడితే విరేచనాలు. ఆన్‌లైన్‌లో వేలు పోసి మలంలోని బ్యాక్టీరియా పరీక్ష చేయించుకున్నాడు. 'వైవిధ్యం తక్కువ' అని వచ్చిందట. మంచి బ్యాక్టీరియా ఉంటుందని ఖరీదైన ప్రోబయాటిక్ క్యాప్సూళ్ళు మింగుతున్నాడు. (హనుమకొండ)

జవాబు: మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో లెక్క తేల్చారు, దాదాపు మన కణాలెన్నో అవీ అన్ని. ఎవరి పేగులో ఏవి ఉండాలన్న సరైన కొలత ఇంకా ఎవరి దగ్గరా లేదమ్మా. కొలతే లేనప్పుడు 'తక్కువ' ఎలా అయింది? ఆ రిపోర్టు చూసి ఏ డాక్టరూ మందు మార్చలేడు.

క్యాప్సూళ్ళ సంగతంటారా, అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2020లో ఉన్న రుజువులన్నీ చూసి, ఇలాంటి పేగు చికాకుకు పరిశోధనల్లో తప్ప ప్రోబయాటిక్స్ వాడమని చెప్పలేమంది. ఇంకో వింత: ఇజ్రాయెల్‌లో 2018లో చూస్తే, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ మింగినవాళ్ళలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం మరింత ఆలస్యమైంది. అమ్మేవాళ్ళు ఈ మాట డబ్బా మీద రాయరు లెండి.

ఆ డబ్బు పప్పులకూ కూరలకూ పెట్టమనండి. పెద్దపేగు గోడ కణాలకు ప్రధాన ఆహారం బ్యూటిరేట్, దాన్ని మనం తిన్న పీచు నుంచి బ్యాక్టీరియాయే తయారు చేసి పెడుతుంది. గోరుచిక్కుడు, తోటకూర, ఉలవలు, జొన్నరొట్టె ఏవైనా సరే, ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా పెంచాలి, లేకపోతే గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుదాకా వెళ్తుంది కాబట్టి చద్దన్నమూ మంచిదే, శుభ్రంగా ఉంచితే. విరేచనంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలో లేచి పరిగెత్తడం, వీటిలో ఏ ఒక్కటున్నా మాత్రం ఈ తిండి సలహాలన్నీ పక్కనపెట్టి కొలనోస్కోపీ చేసే డాక్టరును కలవమనండి. మన దగ్గర పేగు టీబీ కూడా ఉంది, మరచిపోకూడదు.

ప్రశ్న: సిజేరియన్‌లో పుట్టిన పాప, ఇరవై రోజులు. మా అమ్మ తేనె నాకిస్తానంటుంది, పక్కింటావిడ ప్రోబయాటిక్ చుక్కలు వేయమంటుంది. (పలాస)

జవాబు: తేనె ఏడాది నిండేదాకా వద్దేవద్దు. అందులో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలుంటే పసిపేగులో మొలకెత్తుతాయి.

చుక్కల మాట పూర్తిగా కొట్టేయలేను. మీ పొరుగునే ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద చేసిన పరీక్ష 2017లో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మంచి బ్యాక్టీరియాను దాని మేతతో కలిపి వారం రోజులు పట్టారు. రక్తంలో ఇన్ఫెక్షన్ గానీ మరణం గానీ 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగింది. కానీ అది ఒక ప్రత్యేకమైన రకం, పుట్టిన తొలి రోజుల్లో, నెలలు దాదాపు నిండిన పిల్లలకి. షాపులో దొరికే చుక్కలు అవే అనుకోవద్దు. నెల తక్కువ పిల్లలకైతే అసలు సొంతంగా వేయకూడదు. తల్లిపాలల్లో బిడ్డ అరిగించుకోలేని ఒక రకం చక్కెరలున్నాయి, వాటిని తినేది పసిపేగులోని బిఫిడో బ్యాక్టీరియా. సిజేరియన్ అయినా మీ పాలు చాలు తల్లీ. పాప బాగా తాగుతోందా, రోజుకు ఆరేడుసార్లు ఉచ్చ పోస్తోందా, అది చూసుకోండి.