ఖైదీల మార్పిడి వేరు, శిక్ష బదిలీ వేరు

ప్రశ్న: మా ఎదురింటి అబ్బాయి శిక్ష పడి కువైట్ జైల్లో ఉన్నాడు. ప్రతి శుక్రవారం వాళ్లమ్మ ఫోను ఒళ్లో పెట్టుకొని గడప మీదే కూర్చుంటుంది. అమెరికాలాగా మనమూ ఖైదీలను మార్చుకొని మనవాళ్లను ఎందుకు విడిపించుకోకూడదు?
– ఒక పాఠకుడు, బద్వేలు, కడప జిల్లా

జవాబు: ఆ తల్లి ఎదురుచూపు ముందు ఏ వాదనైనా చిన్నదే. అయినా మార్పిడికి చెల్లించే మూల్యం చూడండి. 2024 ఆగస్టు 1న టర్కీ రాజధాని అంకారాలో రష్యాకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య 24 మంది ఖైదీలు చేతులు మారినప్పుడు, రష్యా జైల్లో ఉన్న అమెరికన్ జర్నలిస్టు ఇవాన్ గెర్ష్‌కోవిచ్ వంటి వారి కోసం, 2019లో బెర్లిన్ పార్కులో పట్టపగలు ఒక మనిషిని కాల్చి చంపి యావజ్జీవ శిక్ష పడిన రష్యన్ వదీమ్ క్రసికోవ్‌ను జర్మనీ వదిలిపెట్టవలసి వచ్చింది. నిర్దోషులు ఇల్లు చేరడం నాకూ సంతోషమే గాని, మనుషులను పట్టి ఉంచితే బేరం కుదురుతుందన్న ధైర్యం అలాగే పెరుగుతుందని నా భయం.

మీ ఎదురింటి అబ్బాయికి దారి వేరే ఉంది. ఖైదీలను స్వదేశానికి రప్పించేందుకు 2003లో చేసిన చట్టం ఉంది, కువైట్‌తో ఒప్పందమూ ఉంది. తీర్పు అంతిమమై, అతడు సమ్మతించి, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే మిగిలిన శిక్షను ఇక్కడి జైల్లో అనుభవించవచ్చు. అది విడుదల కాదు. అయితే ఆ తల్లి బస్సెక్కి ములాఖత్‌కు వెళ్లి కొడుకు ముఖం చూసి రాగలదు. అతడి చేత అక్కడి జైలు అధికారులకు దరఖాస్తు పెట్టించి, తీర్పు నకలుతో పాటు మన రాయబార కార్యాలయానికి కూడా పంపించండి.