ప్రొటీన్ తయారు చేయని ఆర్‌ఎన్‌ఏ మీద పరిశోధన: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. పశువుల దాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ప్రాక్టీస్ పెట్టుకోమంటే వినడం లేదు. గొర్రెల కండరాల్లో ప్రొటీన్ తయారు చేయని ఆర్‌ఎన్‌ఏ మీద పరిశోధన చేస్తానంటోంది. ఏ పనీ చేయని దాని మీద చదివితే అన్నం పెడుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆర్‌ఎన్‌ఏ అంటే కణంలో జన్యువు నుంచి తీసిన నకలు. ప్రొటీన్ తయారు చేయదంటే పని చేయదని కాదండీ. అది చేసేది అజమాయిషీ. ఏ జన్యువు నుంచి ఎంత ప్రొటీన్ రావాలి, ఎక్కడ ఆగాలి అన్నది చాలాచోట్ల దాని చేతిలోనే ఉంటుంది.

మీకు గొర్రెలు తెలుసు కాబట్టి గొర్రె సంగతే చెబుతాను. నెదర్లాండ్స్‌కు చెందిన టెక్సెల్ జాతి గొర్రెలు తొడల దగ్గర, నడుము దగ్గర బాగా కండపట్టి ఉంటాయి. దీనికి ఒక ముఖ్య కారణం 2006లో బయటపడింది. కండ మితిమీరి పెరగకుండా బ్రేకు వేసే మయోస్టాటిన్ అనే ప్రొటీన్ మన నెల్లూరు గొర్రెలోనూ ఉంది, టెక్సెల్‌లోనూ ఉంది. టెక్సెల్‌లో ఆ ప్రొటీన్‌కు ఏ లోపమూ లేదు. దాని జన్యువు చివర, ప్రొటీన్‌గా మారని తోకభాగంలో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో కండరాల్లో దండిగా ఉండే మిర్-1, మిర్-206 అనే రెండు చిన్న ఆర్‌ఎన్‌ఏలకు (వీటినే మైక్రో ఆర్‌ఎన్‌ఏలంటారు) అక్కడ అతుక్కునే చోటు దొరికింది. అవి అతుక్కుంటే మయోస్టాటిన్ తయారీ తగ్గుతుంది, బ్రేకు సడలుతుంది, కండ పెరుగుతుంది.

ఇంకొకటి. గొర్రెపిల్లకు కండరపు పోగులు ఎన్ని ఉండాలో దాదాపుగా తల్లి కడుపులోనే తేలిపోతుంది. పుట్టాక మీ కొట్లోని దాణా ఎంత పెట్టినా ఉన్న పోగులు లావెక్కుతాయి గానీ సంఖ్య పెద్దగా పెరగదు. కడుపులో ఉండగా ఏం జరుగుతుందో తెలుసుకోవడానికే మీ అమ్మాయి లాంటివాళ్లు కావాలి. ఇలాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏను మొదట 1993లో ఒక సన్నటి పురుగులో కనిపెట్టారు. అది ఆ పురుగుకే పరిమితమని చాలామంది అనుకున్నారు. కాదని తర్వాత తేలింది. కనిపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

ఇక అన్నం సంగతి. ఈ ఒక్క టాపిక్ పేరు చెప్పి గుంటూరులోనో విజయవాడలోనో ఉద్యోగం దొరకదు. ఆ ఆశ పెట్టుకోవద్దు. ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) రెండేళ్లు, పీహెచ్‌డీ మరో నాలుగేళ్లు వేసుకోండి. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, అదనంగా ఇంటి అద్దె. మీరు డబ్బు పంపాల్సిన అవసరం రాకపోవచ్చు. ఆ తర్వాత వెటర్నరీ యూనివర్సిటీలో అధ్యాపక పోస్టు, ఏఆర్‌ఎస్ అనే నియామక పరీక్ష ద్వారా ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సైంటిస్ట్ పోస్టు, హైదరాబాద్, బెంగళూరుల్లో జన్యు సమాచారం మీద పనిచేసే జీనోమిక్స్ కంపెనీలు ఉంటాయి. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ బీవీఎస్సీ పట్టా, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతిలో ఉన్నంతకాలం మీ అమ్మాయి ఎప్పుడైనా ప్రాక్టీస్‌కు తిరిగి రావచ్చు. మామూలు బయోటెక్నాలజీ డిగ్రీ చదివిన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. అందుకే మీ అమ్మాయి విషయంలో నాకు భయం లేదు.

నాకున్న అనుమానం వేరే. ఈ రంగంలో సగం పని ల్యాబ్‌లో కాదు, కంప్యూటర్ ముందు. కండరం ముక్క నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను సీక్వెన్సింగ్‌కు, అంటే దాని అక్షరాల వరుస చదవడానికి, పంపితే కోట్ల కొద్దీ చిన్న ముక్కల డేటా తిరిగొస్తుంది. లినక్స్ వాడకం, ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు రాకపోతే ఆ డేటా ఇంకొకరి చేతిలో పెట్టి ఎదురు చూడాలి. పశువుల మీద ఇష్టంతో వచ్చి ఇక్కడే విసిగిపోయిన పిల్లల్ని చూశాను.

కాబట్టి అమ్మాయికి మూడు నెలలు గడువివ్వండి. గొర్రె కండరాల ఆర్‌ఎన్‌ఏ డేటా అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార భాండాగారం ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్న్‌షిప్ డ్యూటీ అయ్యాక ఒక చిన్న డేటా సెట్ దించుకుని, గర్భంలోని పిల్లకూ పుట్టిన పిల్లకూ కండరాల్లో ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తేడాగా ఉన్నాయో తనే తేల్చమనండి. మొదటి నెల తప్పులే వస్తాయి. అయినా మూడో నెలలో కూడా రాత్రిపూట తనంతట తనే ల్యాప్‌టాప్ తెరుస్తుంటే ఐసీఏఆర్ పీజీ ప్రవేశ పరీక్ష రాయించి, యానిమల్ బయోటెక్నాలజీలో గానీ, యానిమల్ జెనెటిక్స్‌లో గానీ సీటుకు ప్రయత్నించమనండి. సీటు ఎంచుకునేటప్పుడు టాపిక్ కంటే గైడ్‌ను చూడమనండి. ఆ గైడ్ దగ్గర ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడాకే ఆప్షన్ పెట్టమనండి.